పెరిగే పీచు

ముందే చెబుతున్నా అమ్మాయ్, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా కళ్ళ మీద ఒట్టు. చెవుల మీద ఒట్టు వెయ్యమంటే మాత్రం వెయ్యను. వాటి సంగతి నీకు తెలిసిందేగా, ఆ గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది నువ్వే కదా.

ఈ చెవి మిషన్లు రెండూ నువ్వే తీసుకుని లోపల పెట్టేసుకో. ఆగాగు, ఇప్పుడే తియ్యకు, నేను చెప్పేది పూర్తవనీ. వారం రోజులు పెట్టుకుని చూడండి, అలవాటు పడతారు అన్నావు. చూశాను. అలవాటు పడలేదు, భయపడ్డాను.

పని చెయ్యడం లేదా అని మొహం అలా పెట్టకు. చేస్తున్నాయి. బ్రహ్మాండంగా చేస్తున్నాయి. నా గోలంతా అదే.

మొదటి రోజు ఇంట్లో అడుగుపెట్టానో లేదో, ఇల్లంతా దయ్యాలు కాపురం పెట్టినట్టుంది. ఫ్రిజ్ ఎవరినో తిట్టుకుంటోంది. గోడ గడియారం నా వెనకాలే నడిచి వస్తోంది. నేను కదిలితే నా బట్టలే నా గురించి గుసగుసలాడుకుంటున్నాయి. మెట్లెక్కుతుంటే ఎవరో టపటపా చిటికెలు వేశారు, గిరుక్కున తిరిగి చూశాను. ఎవరూ లేరు, నా మోకాళ్ళే. ఇన్నేళ్ళుగా చప్పుడన్నది ఎరగని కొంపలో ఒక్కపూటలో వెయ్యి నోళ్ళు లేచాయంటే నమ్ము.

సరే, వెయ్యి కాదు. ఓ పదో పన్నెండో. నాకు కొంచెం పెంచి చెప్పే అలవాటుంది. పెంచినంత మాత్రాన అబద్ధమైపోతుందా?

రెండోరోజు పొద్దున్న వంటింట్లో జావ కలుపుతున్నాను. స్నానాలగదిలోంచి మాటలు వినిపించాయి. మగ గొంతు. ఇంట్లో ఉన్నది నేనూ మా ఆయనా, ఇద్దరమే. ఆయనేమో తలుపేసుకుని లోపల ఉన్నాడు. మరి ఎవరితో?

మెల్లగా వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. తలుపుల దగ్గర నిలబడటంలో నాకు డెబ్భై ఏళ్ళ అనుభవం ఉంది గానీ, వినబడటం మాత్రం చాలాకాలానికి అదే.

"వస్తున్నా అన్నయ్యా," అంటున్నాడు. "సంచీ సర్దేశాను. ఈ ఒక్కసారికి తగ్గిపోనీ, పదింటి బస్సుకి బయల్దేరిపోతాను. నేనొచ్చేదాకా కళ్ళు ముయ్యకు."

వాళ్ళన్నయ్య పోయి ఆరేళ్ళయింది అమ్మాయ్.

నా చేతిలో గరిటె ఉంది. అందులోంచి జావ నేల మీద బొట్టు బొట్టుగా పడుతోంది. ఆ చప్పుడు కూడా వినబడింది నాకు.

ఆ తర్వాత రోజూ విన్నాను. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి. అవే మాటలు. అదే పదింటి బస్సు. పెళ్ళానికి చెముడని ధైర్యం కదా, గొంతు తగ్గించుకోవాల్సిన పనే లేదు ఆయనకి. ఇన్నేళ్ళలో ఆ తలుపు వెనక ఎన్నిసార్లు ప్రయాణం కట్టాడో, నేను ఇవతల కూరలు తరుక్కుంటూ పాటలు పాడుకుంటూ ఉన్నాను.

మొదట్నుంచీ చెబితేగానీ నీకు బోధపడదు. బయట ఇంకెవరో వచ్చి కూర్చున్నారా? కూర్చోనీ. నువ్వు పిలిచినా వాళ్ళకి వినబడదుగా.

మా ఆయన బస్సు డ్రైవరు. పద్నాలుగో నంబరు రూటు, ముప్పై ఏళ్ళు. ఆయన గేరు మారిస్తే ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల కూడా కదిలేది కాదు. బండి అంత మెత్తగా నడిపే మనిషికి కడుపు మాత్రం గతుకుల రోడ్డు. మూడు రోజులు బిగిసిపోతుంది. నాలుగో రోజు ఆగదు. ముద్ద గొంతు దిగీ దిగకముందే మెలిపెట్టేస్తుంది. డిపోలో ఆయనకి 'హాల్టు' అని పేరు పెట్టారు. దారి పొడుగునా ఆయనకి తెలియని మరుగుదొడ్డి లేదు. మొదటి మలుపులో పెట్రోలు బంకు, తర్వాత లైబ్రరీ వెనక ఒకటి, వంతెన దాటాక సెలూను. ఆ సెలూనతను ఎంత మంచివాడంటే, సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి లోపలి తాళంచెవి అందించేవాడు.

చివరికి నేనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. రక్తం తీశారు, గొట్టం వేసి చూశారు. పుండు లేదు, గడ్డ లేదు. మరేమిటమ్మా అంటే ఐబీఎస్ అంది. పేగుకి చిరాకు లాంటిదట. నాతో అన్నేళ్ళు కాపురం చేసి ఏనాడూ చిరాకుపడని మనిషికి, పేగుకి చిరాకట. "నా మీద చిరాకంతా ఇక్కడ దాచుకున్నారా?" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే లేచి గబగబా బయటికెళ్ళాడు. ఎక్కడికో చెప్పక్కర్లేదుగా.

సరిగ్గా అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, ఏం తినాలో. నా ఒక్కదానికి.

నా చెవుల కథ కూడా ఇక్కడే చెప్పాలి. నూలు మిల్లులో ఇరవై ఆరేళ్ళు చేశాను. ఆ మోతలో మా ఆడవాళ్ళం పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళం. హాలు ఆ చివర్నుంచి ఒకతె సూపర్‌వైజరు మీద జోకు వేస్తే ఈ చివర మేం పడీ పడీ నవ్వేవాళ్ళం, మధ్యలో నిలబడ్డ సూపర్‌వైజరు తన ప్యాంటు చూసుకునేవాడు. చెవులు పోతున్నాయని మాత్రం ఒక్కతీ పైకి అనేది కాదు. అంటే మిషన్ మీంచి దించి ఊడ్చే పనికి వేస్తారు. అందుకని వినబడకపోతే తలూపడం నేర్చుకున్నాం. నేను ఊపితే చెప్పినవాడికే తను చెప్పింది ఇంకా బాగా అర్థమయ్యేది.

నాకు పెదాలు కనబడితే చాలు. ఆ డాక్టరమ్మ మూతికి గుడ్డ కట్టుకుంది. పైగా తల వంచి మాత్రల చీటీ రాస్తోంది. గుడ్డలోంచి '...రిగే పీచు' అని వచ్చింది. 'కొద్దికొద్దిగా' అని వచ్చింది. 'నీళ్ళు' అని వచ్చింది. మిగతాది నేనే అతికించుకున్నాను.

పెరిగే పీచు.

పీచు నాకు కొత్తా? దూది ఇలా వేళ్ళ మధ్య లాగి, పొడుగు పింజో పొట్టి పింజో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇరవై ఆరేళ్ళు పీచుని ముక్కుతో పీల్చినదాన్ని. పీచు గురించి నాకు రెండోసారి చెప్పమని ఇంకొకర్ని అడగాలా? తలూపి వచ్చేశాను.

పిండిమరలో గోధుమ తవుడు తెచ్చాను. మొదటి వారం జావలో ఒక చెంచా. రెండో వారం రెండు. పెరగాలి కదా మరి. రొట్టెలో కలిపాను, సూపులో కలిపాను, పెరుగులో కలిపాను. మూడో నెలకి మా ఇంట్లో చెంచా గుచ్చితే నిలబడని వంట లేదు. జావని నమిలి తినాల్సి వచ్చేది. "ఇది తిన్నాక నన్ను బండికి కట్టేస్తావా?" అనేవాడు. "ముందు పాలివ్వండి, తర్వాత చూద్దాం" అనేదాన్ని.

నవ్వు, నవ్వు. మేమూ నవ్వుకున్నాం అప్పుడు.

కడుపు డోలులా ఉబ్బేది. రెండు చేతులతో పట్టుకుని వంగిపోయేవాడు. తగ్గడం లేదంటే చాల్లేదన్నమాట అనుకుని నేను ఇంకో చెంచా వేసేదాన్ని. పన్నెండు దగ్గర ఆగాను. జాలేసి ఆగలేదు, గిన్నెలో పట్టక ఆగాను.

ఆ యేడు వానల్లో ఒకరోజు వంతెన మీద బస్సు ఇరుక్కుపోయింది. ముందు లారీ అడ్డం తిరిగిందట. బస్సు నిండా నాలుగు వందల మంది జనం. కాదులే. ముప్పై ఎనిమిది మంది. ఆ సంఖ్య ఆయన చెప్పిందే. ఒక్కొక్క మొహం గుర్తుందట.

సెలూను వంతెన అవతల. ఆయన ఇంజను ఆపాడు. చేతిబ్రేకు వేశాడు. తలుపు తీసుకుని దిగి పరుగెత్తాడు. బ్రేకు వెయ్యడం మరిచిపోలేదే అంటాడు ఇప్పటికీ, ఆ ఒక్క మాట దగ్గరే తలెత్తి చెబుతాడు. వంతెన సగం కూడా దాటలేకపోయాడు. పట్టపగలు, నడి వంతెన మీద, అన్ని కిటికీల్లోంచీ చూస్తుండగా.

ఎవరో పెద్దావిడ దిగి వచ్చి తన శాలువా ఆయన నడుముకి చుట్టిందట. ఆవిడెవరో ఈనాటికీ తెలియదు. శాలువా మా ఇంట్లోనే ఉంది. ఆయన దాన్ని వారానికోసారి ఉతికి, ఆరేసి, మడతపెడతాడు. ఆవిడ వస్తే ఇవ్వాలి కదా అంటాడు.

మర్నాడు డిపోలో బస్సు తాళం అప్పజెప్పి వచ్చేశాడు. వాళ్ళు రమ్మని రెండుసార్లు కబురు పెట్టినా వెళ్ళలేదు. అంతే, ఇంక వీధి చివరిదాకా కూడా పోలేదు. స్నానాలగది తలుపుకి ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నాడు. ఎనిమిదేళ్ళు.

నేను? నేనేం చేస్తాను, తవుడు పెడుతూనే ఉన్నాను. ఒక్కపూట తప్పలేదు. నాకు జ్వరమొచ్చినా లేచి కలిపేదాన్ని.

కుర్చీ వేసుకున్న రెండేళ్ళకి వాళ్ళన్నయ్య మంచం పట్టాడు. ఇద్దరన్నదమ్ములే వాళ్ళు. అన్నయ్యే ఈయనకి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది. ఆ ఊరు వెళ్ళాలంటే ఐదు గంటల బస్సు ప్రయాణం. మా తోటికోడలు ఫోన్ చేసింది. "తమ్ముడు వచ్చాడా, వచ్చాడా అని తలుపు వైపే చూస్తున్నారు" అంది. ఆయనే ఫోన్ పట్టుకుని విని నాకు చెప్పాడు. సంచీ సర్దుకున్నాడు. చెప్పులేసుకున్నాడు. దూరప్రయాణం, ఒంట్లో సత్తువ ఉండాలని నేను గిన్నె నిండా జావ పెట్టాను. మామూలుకంటే ఒక చెంచా ఎక్కువే వేశాను, దారిలో కడుపు నిలకడగా ఉండాలని.

పదింటి బస్సు పోయింది. మధ్యాహ్నం బస్సు పోయింది. మర్నాడు పదింటిదీ పోయింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, సంచీ గుమ్మం దగ్గరే ఉంది, ఆయన లోపల ఉన్నాడు. మూడోరోజు మళ్ళీ ఫోనొచ్చింది. ఇంక తొందరేం లేదని.

ఊఁ, మంచినీళ్ళేం వద్దు. నీళ్ళు నేను బాగానే తాగుతాను.

మూడోరోజు సంగతి చెప్పాలి. నీ మిషన్లు పెట్టుకున్న మూడోరోజు. మోకాళ్ళ నొప్పులకని ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను, ఒక్కదాన్నే. "మీవారికెలా ఉంది, మళ్ళీ తీసుకురానే లేదు" అంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని గొప్పగా చెప్పాను. "మీరు చెప్పిన పెరిగే పీచు ఒక్కరోజు మానలేదు డాక్టరుగారూ. ఇప్పుడు పన్నెండు చెంచాల తవుడు."

రాస్తున్నది ఆపింది. మూతి మీది గుడ్డ గడ్డం కిందికి లాగింది. "ఏం పీచు అన్నారు?"

"పెరిగే పీచండీ."

"కరిగే పీచు అని చెప్పానండీ నేను."

'ప' అనాలంటే పెదాలు కలవాలి అమ్మాయ్. 'క' అంటే కలవవు. ఆవిడ పెదాలు కలవలేదు. నీ మిషన్ కూడా చెవిలో అదే చెప్పింది. ఇద్దరు సాక్షులు.

నీళ్ళలో వేస్తే కరిగి జిగురుగా అయ్యేదట ఆవిడ చెప్పిన పీచు. ఓట్స్ లాంటివి, ఇసబ్గోల్ లాంటిది. అది కూడా కొద్దికొద్దిగా, నీళ్ళు బాగా తాగుతూ. తవుడు కరగదు, గరుకు, ఆ జబ్బున్నవాళ్ళలో చాలామందికి పడదు, ఉబ్బరం నొప్పి ఎక్కువవుతాయి, తవుడు వద్దని కూడా ఆ రోజే చెప్పానే అంది. నా మొహం చూసి పాపం, "అంతా దానివల్లే అనుకోకండి, ఆ జబ్బే అంత, ఒకసారి తగ్గుతుంది ఒకసారి పెరుగుతుంది" అని కూడా అంది. నేను తలూపాను. వినబడి తలూపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఇంటికి వచ్చి తవుడు సంచీ మూతికట్టి చెత్త బండిలో వేసేశాను. ఆయనకి చెప్పలేదు. ఓట్స్ పల్చగా కాచి ఇచ్చాను. గిన్నెలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, తాగేశాడు. అలా నాలుగు రోజులు.

నాలుగు రోజుల్లో జబ్బు పోయిందని నేననను. పోలేదు. కానీ నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక అలవాటుగా స్నానాలగది తలుపు దగ్గర నిలబడి చెవి పెట్టాను. ఏమీ లేదు. కుళాయి చుక్క. అంతే. తోసి చూస్తే ఖాళీ. ఆయన కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాడు, చేతులు పొట్ట మీద లేవు, పక్కలకి వేలాడుతున్నాయి. ఆ చేతుల్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు రాలేదు.

ఇవాళ పొద్దున్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మొత్తానికి ఎనిమిదేళ్ళకి పట్టిందే నీ పీచు" అన్నాడు. "నేనెంత వేళాకోళం చేసినా మానలేదు నువ్వు. ఇంకొకతె అయితే ఎప్పుడో విసిగిపోయేది."

ఆ మాట వినబడకుండా ఉంటే ఎంత సుఖంగా ఉండేదాన్ని. నవ్వేసి, తలూపేసి, గిన్నెలు కడుక్కునేదాన్ని. అందుకే తీసేసుకో అంటున్నాను వీటిని.

పొరపాటేగా అంటావా? వినబడక చేసిన తప్పేగా అంటావా? డాక్టరమ్మా అదే అంది. ఆవిడకి చెప్పనిది ఒకటుంది.

ఆరు చెంచాల దగ్గర ఉన్నప్పుడు ఆయన అడిగాడు నన్ను. వంతెన సంగతికి ముందే. "డాక్టరమ్మ నిజంగా పెంచుకుంటూ పొమ్మందా? ఒకసారి మళ్ళీ వెళ్ళి అడుగుదామా?" అని. నా ఎదురుగా నిలబడి, వెలుతురు మొహం మీద పడేలా కిటికీ వైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగాడు.

నాకు సగమే వినబడిందని నాకు తెలుసు. డాక్టరు గది గుమ్మం దాటేటప్పుడే తెలుసు. "ఏమోనండీ, సరిగా వినలేదు" అంటే అయిపోయేది. "నా రెండు చెవులతో విన్నాను" అన్నాను.

మళ్ళీ అడగలేదు. గిన్నె తీసుకుని తినేశాడు.

నాలుగు రోజులుగా నేను పట్టుకుని వేలాడుతున్నది ఆ తప్పుని కాదు అమ్మాయ్. ఆ కిటికీని. కిటికీ వైపు ఎందుకు తిరిగాడు? పెదాలు అంత విడమరిచి ఎందుకు కదిపాడు? అంటే నా చెవుల సంగతి అప్పటికే తెలుసన్నమాట. తెలిసీ, నన్ను చెవిటిదానా అనలేక తిన్నాడా? అన్ని గిన్నెలు? వంతెన తర్వాత కూడా, అన్నయ్య తర్వాత కూడా? తలుపు వెనక అన్నయ్యతో అన్ని మాటలు చెప్పుకున్నవాడు, ఈ మాట నాతో ఒక్కసారి అనలేకపోయాడా?

ఇందులో నేనేమీ పెంచలేదు. పెంచడానికి నా చేతికేమీ దొరకలేదు.

ఇవాళ నాతో బస్సెక్కి వచ్చాడు తెలుసా. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, వాడు గేరు మార్చినప్పుడల్లా మొహం చిట్లించాడు. ఎల్లుండి వదినగారి దగ్గరికి వెళ్తాడట. పదింటి బస్సుకి. "వదినకి చెప్పాలి, మా ఆవిడే నన్ను మనిషిని చేసిందని" అన్నాడు. మొగుడు పోతూ పోతూ తలుపు వైపే చూడటం కళ్ళారా చూసిన మనిషి ఆవిడ. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆయన నన్ను మెచ్చుకోకముందే నేను నోరు విప్పాలి. విప్పాక ఆ బస్సు ఎక్కుతాడో లేదో, ఎక్కితే మళ్ళీ తిరిగొస్తాడో లేదో. రాకపోతే రాకపోయాడు, నేనేం చెయ్యగలను.

ఇవి తియ్యకులే. ఉండనీ.

ఆయన బయట హాల్లోనే ఉన్నాడు. మరుగుదొడ్డి పక్క కుర్చీలో, బూడిదరంగు చొక్కా. నువ్వెళ్ళి లోపలికి పిలుచుకురా. 'డ్రైవరుగారూ' అని పిలు, లేస్తాడు. ఎందుకట అంటే మీ ఆవిడ ఏదో చెప్పాలంటోంది అను, అంతకంటే ఒక్క ముక్క చెప్పకు. ముందు ఈ గదిలో ఉన్న ఆ ఖాళీ కుర్చీ తలుపు పక్కకి జరిపి వెళ్ళు. బయటికి దారి కనబడకపోతే కూర్చోడు.